వెనక సీటు లేని బండి

ఉప్పలయ్య జీపు సీటు కుట్లు విప్పుతున్నాడు. సూదిమొనతో దారాన్ని లేపడం, బ్లేడుతో కోయడం, వేలికి చుట్టి లాగడం. కుట్టు విడిన కొద్దీ సందుల్లోంచి బెల్లం పలుకులు రాలుతున్నాయి. మేడారం జాతర అయిపోయి నెల దాటింది. అయినా ములుగు రోడ్డు మీద తిరిగే జీపుల సీట్లలో అమ్మవార్లకు బంగారమని మొక్కిన బెల్లం ఇంకా మిగిలే ఉంది. దాని వెంట చీమలు. అతడు ఆ బెల్లాన్ని కాలికింద పడనీయకుండా కాగితం మీదికి ఊడ్చి, షెడ్డు మూలకు తీసుకుపోయి పెట్టాడు. చీమలు కూడా అటు మళ్లాయి.

పోచమ్మమైదాన్ దగ్గర ఆ రేకుల షెడ్డుకు ఒక పక్క వెల్డింగు దుకాణం, ఇంకో పక్క పంక్చరు దుకాణం. ఆదివారం కాబట్టి రెండూ మూసి ఉన్నాయి. ఉప్పలయ్య పొట్టి మనిషి. ఏళ్ల తరబడి ఒక పక్కకు వంగి కుట్టడం వల్ల కుడిభుజం కిందికి జారింది. కనుబొమల్లో ఎప్పుడూ కొబ్బరిపీచు దుమ్ము ఉంటుంది. కళ్లద్దాల కాడ ఒకటి విరిగితే సీట్లు కుట్టే నల్లదారంతోనే కట్టుకున్నాడు. వేళ్ల చివర్లు సూదిపోట్లకు మొద్దుబారిపోయాయి గాని అరచేతులు మాత్రం మెత్తగా ఉంటాయి. సీటును అరచేత్తో ఒత్తి చూస్తాడు. ఎక్కడ పీచు గడ్డకట్టిందో, ఎక్కడ స్ప్రింగు అలిసిపోయిందో తెలుసుకుంటాడు. తర్వాత అందులో కూర్చుని కాసేపు కళ్లు మూసుకుంటాడు. అంతే అతని పరీక్ష. ఆ బండ్లన్నీ షెడ్డు ముందు నిలబడి ఉన్నవే. వాటిలో కూర్చుని అతడు ఎక్కడికీ పోలేదు.

అతని తండ్రి స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లెలో మేరపని చేసేవాడు. రవికెలు కుట్టి గింజలు తెచ్చుకునేవాడు. ఉప్పలయ్య పట్నం వచ్చి మొదట రిక్షా టాపులు కుట్టాడు, తర్వాత జీపులవి, ఆ తర్వాత కార్ల సీట్లు. బతుకంతా ఇతరులు సుఖంగా కూర్చునే చోటు తయారుచేయడంలోనే గడిచింది. దాని గురించి అతడు పెద్దగా ఆలోచించలేదు. పొద్దున లేచి స్నానం చేసి భద్రకాళమ్మకు దండం పెట్టుకోవడం, షెడ్డు తెరవడం, చీకటి పడే వేళకు ఇల్లు చేరడం. పిల్లలు పుట్టారు గాని నిలవలేదు. ఆ సంగతి మాత్రం అప్పుడప్పుడు దేవుణ్ణి అడిగేవాడు, కోపంగా కాదు, దారి అడిగినట్టు.

జీపు సీటు పక్కన పెట్టి ఎర్రకారు దగ్గరికి వచ్చాడు. నిన్న సాయంత్రమే పాండురంగం దాన్ని ఇక్కడ వదిలిపోయాడు. ఉప్పలయ్య ఎడమపక్క సీటును మరొకసారి ఒత్తి చూశాడు. మెడ ఆనే చోట తాను కుట్టిన చిన్న దిండును అటూ ఇటూ కదిలించాడు. కదలలేదు. ఈ రోజు ఆ సీటులో తన భార్య యాకమ్మ కూర్చుని అన్నారం దర్గాకు పోవాలి.

యాకమ్మకు వెన్నెముకలో జబ్బు. పెద్ద దవాఖానలో చూపించారు, హైదరాబాదులోనూ చూపించారు. ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పడుకుంటే దమ్ము ఆడదు. నిటారుగా కూర్చుంటే నడుము ఓర్వదు. మధ్యలో ఎక్కడో, సగం ఒరిగి ఉన్నప్పుడు మాత్రం ఆమెకు కాస్త నెమ్మది. అందుకని ఉప్పలయ్య తుక్కులో పడి ఉన్న ఒక కారు సీటు తెచ్చి, కొత్త పీచు నింపి, కింద చెక్కలు కొట్టి ఇంట్లో వేశాడు. ఆరు నెలలుగా ఆమె పగలూ రాత్రీ అందులోనే. వచ్చిన వాళ్లతో, "మా ఆయన నాకు కారు కొనిచ్చిండు. ఏం లాభం, యాడికి పోదు" అని నవ్వేది.

ఆమె తల్లి అన్నారం యాకూబ్ బాబాకు మొక్కుకుంటే పుట్టింది. అందుకే ఆ పేరు. ఏటేటా అక్కడికి పోయి మలీద చదివింపు చేయించి, కొంతసేపు చెట్టుకింద కూర్చుని రావడం వాళ్ల అలవాటు. పెళ్లి కాకముందు తల్లితో పోయింది, పెళ్లయ్యాక ఉప్పలయ్యతో. మొదట్లో నడిచిపోయారు. తర్వాత ఎడ్లబండి మీద, తర్వాత బస్సులో. పోయినేడు తప్పిపోయింది. ఈ ఏడు తప్పకూడదని ఆమె కోరిక. బాగుచెయ్యమని అడగడానికి కాదు. "ఒక్కసారి కనవడి వస్త. పేరు పెట్టినాయనకు చెప్పకుండ పోవుడేంది?" అనేది.

బస్సు సంగతి అనుకోనే లేదు. ఒకసారి దవాఖానకు టాక్సీలో వెనకసీటు మీద పడుకోబెట్టి తీసుకుపోతే, ప్రతి గుంతకూ ఆమె జారిపోయింది. రోడ్డు పొడుగునా అతని చొక్కా పట్టుకుని మూలిగింది.

గురువారం నాడు మాట కలిసింది. నూనెమిల్లు పాండురంగానికి ఎర్రకారు, కట్టెల అడితి అహ్మద్‌కు తెల్లకారు. రెండూ హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన స్పోర్ట్స్ కార్లు. పోటీపడి కొన్నారు. చిన్ననాటి స్నేహితులు. ఎవరి బండి సుఖమని వాళ్ల మధ్య పంచాయితీ ఎప్పుడూ తెగదు. ఆ రోజు ఇద్దరూ షెడ్డులోనే కలిశారు.

"అహ్మద్ బండిల హీటరున్నది ఉప్పలయ్యా," అన్నాడు పాండురంగం. "వరంగల్ల ఎండ సాలలేదట. పైసలు పెట్టి ఉడుకు కొన్నడు."

"నీ బండికి కిటికీ అద్దాలన్న ఉన్నయా? వానొస్తే ఒక చేతిల గొడుగు, ఒక చేతిల స్టీరింగు," అన్నాడు అహ్మద్.

"గొడుగు పట్టుకుంట గని, నీ లెక్క బడిబల్ల మీద కూసోను. నా సీటు సూడు, పట్టీ లాగితే ఎనకకు ఒరుగుతది. కాళ్లు సాపుకోవచ్చు. పక్కలకు ఒత్తులున్నయ్, మలుపుల మనిషి జారడు."

"నా బండిల రేడియో ఉన్నది. అద్దాలు ఎక్కుతయ్, దిగుతయ్. నలుగురు కూసుంటరు. నీ బండిల నువ్వు, నీ పక్కన ఒక్కడు. మూడో మనిషి ఉరికి రావాలె."

"రెండు బండ్లకూ కుట్టినోడు ఈయనే. ఈయననే అడుగు," అన్నాడు పాండురంగం. "చెప్పు ఉప్పలయ్యా, ఏది సుఖం?"

"నిలవడ్డ బండి సంగతే నాకెరుక సేటు," అన్నాడు ఉప్పలయ్య. "నడిచే బండి సంగతి మీకెరుక."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు చల్లారక ముందే అతడు యాకమ్మ మాట చెప్పాడు. ఎందుకు చెప్పాడో అతనికే తెలియదు. ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు.

అహ్మద్ వెంటనే అన్నాడు: "రేపు జుమ్మా. నా బండిల పోదాం. వదినె ముంగట కూసుంటది, నువ్వు ఎనక. ఫికర్ జెయ్యకు."

"నా బండి కూడ సూపియ్యి," అన్నాడు పాండురంగం. "సుఖం ఆమెనే చెప్తది."

సాయంత్రం రెండు కార్లూ గిర్మాజీపేట సందు మొదట్లో, నల్లా దగ్గర ఆగాయి. పక్కింటి ఖతీజాబీ ఒక భుజం, ఉప్పలయ్య ఒక భుజం పట్టుకుని యాకమ్మను తెచ్చారు. మొదట తెల్లకారులో కూర్చోబెట్టారు. "మంచిగనే ఉన్నది" అంది ఆమె. ముఖం కూడా నవ్వుతూనే ఉంది. కాని ఉప్పలయ్య ఆమె ముఖం చూడలేదు, చెయ్యి చూశాడు. తలుపు పిడిని పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. ఆ సీటు వీపు వెనకకు ఒరగదు. దిండ్లు పెట్టి చూశాడు, జారాయి. తర్వాత ఎర్రకారు. పాండురంగం పట్టీ లాగి సీటును ఒక్కొక్క పన్నే వెనకకు వాల్చాడు. లోపలి ఇనుపపండ్లు కటుక్ కటుక్ మన్నాయి. ఒకచోట ఆమె చెయ్యి తనంతట తానే తెరుచుకుని ఒళ్లో పడింది.

ఉప్పలయ్యకు అది చాలు.

కాని సీటు అంత వాలితే వెనక ఏమీ మిగలదు. ఆ బండికి వెనక సీటే లేదు, మడిచిన టాపు పెట్టుకునే చిన్న సందు మాత్రమే ఉంది. అతడు అందులో దూరి చూశాడు. సీటును రెండు పండ్లు పైకి లేపితే మోకాళ్లు గడ్డానికి ఆనించి ఎలాగో ముడుచుకుని కూర్చోవచ్చు. రెండు పండ్లు లేపగానే ఆమె చెయ్యి మళ్లీ బిగుసుకుంది. అతడు బయటికి వచ్చేశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో యాకమ్మ అంది: "అహ్మద్ బండిల పోదాం."

"అండ్ల నీ నడుము ఓర్వదు."

"ఎంతసేపు గని. ఓర్సుకుంట. నువ్వు ఎనక ఉంటవు గద."

"నేనుంటే నొప్పి తగ్గుతదా?"

"ఏ ఏడన్న నీతోని గాక పోయిన్నా?" అంది యాకమ్మ.

"నేను బస్సుల వస్త. ఆడ కలుస్త. నొప్పి లేకుండ పోవాలె నువ్వు. అంతే."

యాకమ్మ ఇక ఎదురు చెప్పలేదు. సీట్ల విషయంలో భర్త మాటకు ఆమె ఎన్నడూ ఎదురు చెప్పలేదు. శుక్రవారం అహ్మద్ ఖాళీగానే ఉన్నాడు గాని ఉప్పలయ్య వద్దన్నాడు. పాండురంగం మిల్లుకు సెలవు దొరికేది ఆదివారమే. ఆ ఆదివారం ములుగులో అహ్మద్ చెల్లెలి బిడ్డ నిఖా. తెల్లకారు పొద్దున్నే అటు వెళ్లిపోయింది.

పాండురంగం వచ్చి బండిని సందు దగ్గరికి తెచ్చేసరికి ఎండ ఎక్కింది. ఖతీజాబీ మలీద ముద్దలు చేసి స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చింది. రొట్టెలు, బెల్లం రోట్లో ఆమే దంచింది. "బాబాకు నా సలాం గూడ చెప్పు చెల్లె" అంది. యాకమ్మకు పసుపుపచ్చ చీర కట్టింది, తల దువ్వింది. దవాఖాన వాళ్లిచ్చిన మందు వేయడం వల్ల యాకమ్మ కళ్లు కొంచెం మత్తుగా ఉన్నాయి.

కారు దగ్గరికి రాగానే ఆమె ఆగింది. ఖతీజాబీ భుజం పట్టుకుని ఒక్కొక్క కాలే లేపి చెప్పులు విప్పింది.

"ఏసుకోనె ఎక్కు అమ్మా," అన్నాడు పాండురంగం.

"ఆయన చేసిన సీటాయె. తొక్కుకుంట ఎక్కుతనా?" అంది.

ఉప్పలయ్య ఆమెను ఎత్తి కూర్చోబెట్టాడు. బరువు లేదు. పీచు తీసేసిన సీటు ఎత్తినట్టుంది. దిండు మెడకింద సర్దాడు. పట్టీ లాగి, చెయ్యి తెరుచుకునే ఆ పన్ను దగ్గర ఆపాడు. డబ్బా ఒళ్లో పెట్టాడు.

"పైలం సేటు. గుంతలు..."

"నూనెడబ్బా నింపుకొని పోయినట్టు పోత. చుక్క ఒలకనియ్య," అన్నాడు పాండురంగం.

"జల్ది రా," అంది యాకమ్మ. మెడ తిప్పే వీలు లేదు గనుక ఎదురుగా అద్దంలోకి చూస్తూ అంది.

కారు నెమ్మదిగా కదిలింది. అతడు కుట్టిన సీటు నడవడం ఉప్పలయ్య అలా నిలబడి చూశాడు. ఆమె తల అటూ ఇటూ ఊగలేదు. మలుపు తిరిగినప్పుడు కూడా ఊగలేదు. అతనికి లోపల ఒక చిన్న సంతోషం కలిగింది. ఆమె జబ్బుపడ్డాక అలాంటిది కలగడం అదే మొదలు. తర్వాత కిందికి చూస్తే నల్లా పక్కన ఆమె చెప్పులు ఉన్నాయి. అడుగు అరిగిపోతే కారు సీటు రెక్సిను ముక్క వేసి అతడే కుట్టిన చెప్పులు. దర్గా దగ్గర నేల కాలుతుంది, దిగితే కావాలి. వాటిని దులిపి చంకలో పెట్టుకుని బస్టాండుకు నడిచాడు.

తొర్రూరు బస్సు నిండా జనం. చెప్పులు చేత పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి కండక్టర్ అన్నాడు: "ఏం పెద్దమనిషీ, కాళ్లకేసుకొని చేతుల గూడ పట్టుకున్నవ్, రెండు జోళ్లా?"

"మా ఇంటామెవి. కారుల పోయింది," అన్నాడు ఉప్పలయ్య. ఆ మాట చెప్పేటప్పుడు అతని గొంతులో కొంచెం గొప్ప వినిపించింది. పక్కనున్న ముసలామె జరిగి కాస్త చోటిచ్చింది. బస్సు గుంతలో పడి లేచిన ప్రతిసారీ అతడు లోలోపల, ఇక్కడ సేటు మెల్లగా పోయి ఉంటాడు, అనుకున్నాడు. వర్ధన్నపేటలో దిగి అన్నారం జీపు కోసం నిలబడ్డాడు. జీపు నిండేదాకా కదలలేదు. దాని సీటు చినిగి స్ప్రింగు బయటికి వచ్చి ఉంది. అలవాటుకొద్దీ దాన్ని వేలితో లోపలికి నొక్కాడు.

దర్గా దగ్గర ఆదివారం సందడి. మొక్కు కందూర్లు వండే పొయ్యిల పొగ, ఊదు వాసన, మేకల అరుపులు. ఎర్రకారు దూరం నుంచే కనిపించింది, వేపచెట్టు కింద. పాండురంగం దాని పక్కన లేడు. చెట్టుకు అవతల నలుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఎవరిదో చాప పరిచి ఉంది.

యాకమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. నిండుగా, చక్కగా, కాళ్లు చాపుకుని. ఆరు నెలల తర్వాత ఆమె అలా పడుకోగలిగింది.

ఉప్పలయ్య చెప్పులు చేతిలో పట్టుకునే దగ్గరికి వచ్చాడు. కూర్చున్నాడు. ఆమె చెయ్యి చూశాడు. వేళ్లు తెరుచుకుని ఉన్నాయి.

పాండురంగం అతని పక్కన మట్టిలో కూలబడ్డాడు. వేసుకున్నది తెల్లప్యాంటు. "గుమ్మటం కనవడేదాక మంచిగనే ఉన్నది ఉప్పలయ్యా. నిద్రపట్టిందనుకున్న. తల పక్కకు గూడ ఒరగలే. బండి ఆపి అమ్మా అమ్మా అని పిలిచిన..." అతడు కారు వైపు చెయ్యి చూపించాడు. "నీ సీటు కదలనియ్యలే. నాకు తెల్వనేలే."

ఉప్పలయ్య లేచి, మలీద డబ్బా ఎక్కడని అడిగాడు. ఎవరో అందించారు. దాన్ని పట్టుకుని కాళ్లు కడుక్కుని లోపలికి పోయాడు. ముజావర్ నెమలీకల కట్టతో తల మీద తట్టి, ఎవరి పేరు మీద అని అడిగాడు.

"యాకమ్మ."

"వచ్చిందా ఆమె?"

"వచ్చింది," అన్నాడు.

చదివింపు అయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతడు ఏమీ కోరలేదు. ఒక్క సంగతి అడగాలనిపించింది. సుఖం ఇస్తే తోడు ఎందుకు తీసుకున్నావు, తోడు ఉంచితే సుఖం ఎందుకు ఉంచవు, రెండూ ఒక్క బండిలో పట్టవా అని. ఆ ప్రశ్న బాబాను అడగాలో భద్రకాళమ్మను అడగాలో అతనికి తేలలేదు. సగం ముద్ద ప్రసాదం కళ్లకద్దుకుని, మిగిలింది బయట పిల్లలకు పంచాడు.

యాకమ్మను తీసుకుపోవడానికి పాండురంగం ఒక జీపు మాట్లాడాడు. ఆమెను అందులోకి ఎక్కించారు. తాను ఎక్కే ముందు ఉప్పలయ్య మెడదిండు కోసమని ఎర్రకారు దగ్గరికి నడిచాడు. తలుపు తీసి ఆగిపోయాడు.

సీటు తాను వాల్చిన చోట లేదు. రెండు పండ్లు పైకి లేచి ఉంది.

"సీటెవరు లేపిండ్రు సేటు?"

పాండురంగం తల వంచుకున్నాడు. "ఆమెనే లేపమన్నది."

"నొప్పి అయితదిగద."

"తొవ్వల అడిగింది, మా ఆయన యాడ కూసున్నడు అని. మందు మత్తు గద, యాది లేదేమో. బస్సుల వస్తాండు అంటే పరేషాన్ అయితదని... ఎనకనే ఉన్నడమ్మా అన్న. అబద్ధం చెప్పిన ఉప్పలయ్యా, తప్పే. ఇగ ఆడికెల్లి నీతోనే మాట్లాడింది. గాలికి నాకు సగం వినరాలే. చింతచెట్టు వస్తె చూపిచ్చింది, ఈడ మనం బువ్వ తిన్నం గద అన్నది."

ఉప్పలయ్య సీటు పట్టీ మీద చెయ్యి వేశాడు.

"మళ్ల జరసేపటికి, ఆయనకు ఎనక ఇరుకైతది, మోకాళ్లు నొస్తయ్, నా సీటు లేపు బిడ్డా అన్నది. వద్దమ్మా అన్న. వినలే. లేపేదాక ఊకోలే. లేపినంక, ఇగ కాళ్లు సాపుకో అన్నది. గంతే. మళ్ల మాట్లాడలే."

జీపు డ్రైవరు హారన్ కొట్టాడు. పాండురంగం తుండుగుడ్డతో ముఖం తుడుచుకుంటూ అటు పోయాడు.

ఉప్పలయ్య అలవాటుకొద్దీ సీటును అరచేత్తో ఒత్తి చూశాడు. మెడదిండును తీయబోయి తీయలేదు. వంగి సీటు వెనకకు చూశాడు. రెండు పండ్ల మేర ఏర్పడిన చోటు, ఒక మనిషి ముడుచుకుని కూర్చునేంత. అందులో ఎవరూ కూర్చోలేదు. మడిచిన టాపు మీద రోడ్డు దుమ్ము సన్నగా పేరుకుని ఉంది.

అతడు పొద్దుటి నుంచి పట్టుకుని ఉన్న చెప్పులను, రెక్సిను అడుగులు కిందికి పెట్టి, మడమలు కలిపి ఆ చోటులో ఉంచాడు. అతడు ఎక్కగానే జీపు ముందు కదిలింది. దాని వెనక ఎర్రకారు ఖాళీ సీటుతో, ఆ సీటు వెనక ఒక జత చెప్పులతో, నూనెడబ్బా మోసినట్టు మెల్లగా వచ్చింది.